లావు తగ్గడానికి మీకు ఏ చికిత్స సరిపోతుంది? ఎలా మొదలుపెట్టాలి?

ఈమధ్య అనంతపురంలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "అక్కా, వారానికొక సూది వేసుకుంటే లావు తగ్గుతారంట కదా, నేనూ వేసుకోవచ్చా?" దాని వెనకే ఇంకో రెండు వస్తాయి. ఆపరేషన్ మంచిదేనా? అన్నం మానేసి సంగటి తింటే చాలదా? ఈ మూడింటికీ జవాబు పక్కింటావిడకు ఏం పనిచేసిందన్న దాన్ని బట్టి ఉండదు. మీ కొలతలను బట్టి, మీకున్న జబ్బులను బట్టి, ఇంతకుముందు మీరు ఏం ప్రయత్నించారన్న దాన్ని బట్టి ఉంటుంది. విడివిడిగా అందరికీ చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్కమాట. ఊబకాయం వైద్యం అవసరమైన జబ్బు. బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఆకలిని పెంచి, పోయిన కిలోలను వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుంది. కాబట్టి "నోరు కట్టుకోలేకపోయావా" అని ఎవరైనా అంటే కుంగిపోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36 శాతం, మగవాళ్ళలో 31 శాతం మంది బరువు ఎక్కువగా ఉన్నారు. ఇంతమందికి ఉన్నదాన్ని సోమరితనం అని తీసిపారేయలేం.

ఇది 18 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం రాసింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, తిని కక్కే అలవాటు ఉన్నవాళ్ళు ఇందులో ఏదీ సొంతంగా మొదలుపెట్టకండి, నేరుగా డాక్టరుకు చూపించుకోండి.

కావలసినవి

టైలర్ వాడే టేపు, బరువు తూచే మిషను, ఒక నోటు పుస్తకం, వంటింట్లోకి ఒక కొలత గ్లాసు, మీరు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో. చిన్న తూకం మిషను ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా పని ఆగదు.

1. కొలవండి

పొద్దున లేచి, బాత్రూముకు వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు తూచుకోండి. ఎత్తు గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా చూసుకోండి. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న మనిషికి 78ని 1.6తో, వచ్చినదాన్ని మళ్ళీ 1.6తో భాగిస్తే 30.5. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఇంటర్నెట్‌లో కనిపించే 25, 30 అంకెలు వేరే దేశాలవాళ్ళ లెక్క. మనకు తక్కువ బరువుకే షుగర్, గుండెజబ్బు వస్తాయి కాబట్టి మన గీత కిందికి ఉంటుంది.

ఇక నడుము. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్యాంటు కట్టుకునే చోట కాదు కొలవాల్సింది. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెండింటికీ మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలి చూడండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం ఉన్నట్టే. బీఎంఐ 24 ఉన్నా నడుము 95 ఉన్న మగవాళ్ళు మన దగ్గర కొల్లలు. వాళ్ళు "నేను సన్నంగానే ఉన్నాను" అనుకుంటూ ఉంటారు.

తూకం మిషను మీద అనుమానమా? ఇంట్లోకి తెచ్చిన 26 కిలోల బియ్యం బస్తాను విప్పకముందే దానిమీద పెట్టి చూడండి. అరకిలోకు మించి తేడా వస్తే మిషను మార్చండి.

2. డాక్టరు దగ్గరికి మందుల సంచితో వెళ్ళండి

ఆహారం మార్చకముందే ఈ పని చేయండి. బీపీ, షుగర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. మూడు నెలల సగటు షుగర్ అంటే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాలి. ఇవి చిన్న ఆసుపత్రిలో కుదరకపోతే అనంతపురం, కర్నూలు, కడపల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్ళండి.

థైరాయిడ్ గురించి ఒకటి చెప్పాలి. థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువ ఉందని తెలియగానే "అందుకే లావయ్యాను" అనుకుంటారు. థైరాయిడ్ తక్కువైతే పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే. డాక్టరు రాస్తే బిళ్ళ వేసుకోవాలి, నిజమే, కానీ దానితోనే 20 కిలోలు తగ్గవు. బరువు తగ్గడం కోసమని థైరాయిడ్ బిళ్ళ డోసు సొంతంగా పెంచుకుంటే గుండె లయ దెబ్బతింటుంది.

సంచిలోని మందులన్నీ చూపించమన్నది ఎందుకంటే కొన్ని మందులే బరువు పెంచుతాయి: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ బిళ్ళలు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు, మూర్ఛ మందుల్లో కొన్ని. కీళ్ళనొప్పులకని ఊళ్ళో పొట్లాలు కట్టిచ్చే మందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అది కూడా సంచిలో వేసుకోండి, సిగ్గుపడకండి. అయితే ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేవడం, పగలు తూగు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. దానికి వేరే చికిత్స ఉంది.

హెచ్చరిక: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. తిండి తగ్గించే ముందే డోసు సవరించుకోవాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ షుగర్ చూసుకోండి.

3. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోండి

బీఎంఐ 23 నుంచి 27 లోపు ఉండి పెద్ద జబ్బులేవీ లేకపోతే తిండి, నడక, నిద్రతోనే మొదలుపెట్టండి. 27 దాటి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో శ్వాస ఆగడం వంటిది ఒకటైనా ఉంటే, లేదా జబ్బులేమీ లేకున్నా 30 దాటితే, మందుల గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. ఆపరేషన్‌కు మన దేశంలో చాలాకాలంగా వాడిన గీత 37.5, జబ్బులు ఉంటే 32.5. ఆసియావాళ్ళకు 27.5 నుంచే ఆపరేషన్‌ను ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు సూచించాయి. అంటే మీకు తప్పకుండా కావాలని కాదు, అడగడానికి అర్హత ఉందని.

పై మెట్టుకు వెళ్ళినా కింది మెట్టు వదలకూడదు. సూది వేసుకుంటున్నా, ఆపరేషన్ అయినా, 4, 5 అంకెల కింద చెప్పినవి చేస్తూనే ఉండాలి.

4. తిండి: నూనె, ముద్ద, పప్పు

నెలకు ఒకరికి అర లీటరు నూనె, అంతకు మించొద్దు. ఇంట్లో నలుగురుంటే రెండు లీటర్లు. ఒకటో తారీఖున రెండు లీటర్లు ఒక డబ్బాలో పోసి పక్కన పెట్టండి, నెలాఖరు దాకా తాలింపు, దోసె, వేపుడు అన్నీ అందులోంచే. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే డబ్బా ఖాళీ అవుతుంది. పర్వాలేదు, ఎక్కడ పోతోందో అప్పుడే తెలుస్తుంది. ఒక టేబుల్ స్పూన్ నూనెలో 120 కేలరీలు ఉంటాయి. ఉగ్గాని చేసేటప్పుడు చూడండి: నానబెట్టి పిండిన బొరుగులు తేలికే, కానీ తాలింపుకు పోసే నూనె, పైన చల్లే పప్పుల పొడి, పక్కన పెట్టే రెండు మిరపకాయ బజ్జీలు కలిసి ఆ ప్లేటును బరువు చేస్తాయి. ఉగ్గాని మానొద్దు. బజ్జీ తీసేసి ఉడికించిన గుడ్డు పెట్టుకోండి, ఉల్లిపాయ, టమోటా రెట్టింపు వేయండి, నూనె కొలిచి పోయండి.

ఇప్పుడు సంగటి సంగతి. రాగులు మంచివే, కాల్షియం, పీచు ఎక్కువ. కానీ రాగిపిండి అయినా బియ్యమైనా పొడిగా తూస్తే 100 గ్రాములకు 320 నుంచి 350 కేలరీల మధ్యే. కొర్రలు, సామలు, జొన్నలు కూడా దాదాపు అంతే. అన్నం మానేసి రెండు పెద్ద ముద్దలు తింటే తగ్గేదేమీ ఉండదు. ముద్దను వండాక కాకుండా వండకముందే కొలవండి: ఒక మనిషికి ఒక పూటకు పిండి, బియ్యం కలిపి 60–70 గ్రాములు. అది కొలత గ్లాసులో ఎంత వస్తుందో ఒకసారి కిరాణా కొట్టులో తూయించి గీత పెట్టుకుంటే రోజూ తూచే పని ఉండదు. ముద్ద చిన్నగా కనిపిస్తుంది. ఆ ఖాళీని ఆకుకూర పప్పు, కూరగాయలతో నింపండి.

మాంసకృత్తులు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి రోజుకు 60 గ్రాములు దాటేలా చూసుకోవాలి. గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల పొడి పప్పులో 11, గ్లాసు పాలు లేదా పెరుగులో 6, వంద గ్రాముల వండిన కోడిమాంసంలో 25 దాకా ఉంటాయి. అలసందలు, పెసలు, ఉలవలు ఉడికించిన గుగ్గిళ్ళు సాయంత్రం బోండాల స్థానంలో పెట్టుకోండి. మాంసం తినని ఇంట్లో ఇదే పెద్ద ఆసరా.

శెనక్కాయల దగ్గర మాత్రం జాగ్రత్త. మన జిల్లా పంట, మంచి తిండే. అయినా వంద గ్రాముల గింజల్లో 550 కేలరీలకు అటూ ఇటూగా ఉంటాయి. టీవీ చూస్తూ ఒలుచుకుని తింటే పూట భోజనం అంత లోపలికి పోతుంది. ఒక పిడికెడు గిన్నెలో వేసుకుని, సంచి లోపల పెట్టేయండి. శెనక్కాయ చట్నీ రెండు చెంచాలు చాలు.

టీలో చక్కెర కూడా లెక్కపెట్టండి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలంటే 40 గ్రాములు, 160 కేలరీలు. బెల్లం, తేనె వేసినా లెక్క మారదు.

రోజుకు 500 కేలరీలు తగ్గితే మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గుతారు. అంతకన్నా వేగంగా తగ్గాలని పూటలు మానేస్తే రాత్రి పదింటికి ఆ ఆకలి అంతా తీర్చుకుంటారు. పరగడుపున నిమ్మరసం తేనె తాగితే కొవ్వు కరగదు. పెట్టె మీద ఏం కలిసిందో రాయని పొడులు, కషాయాలు కొనకండి, వాటివల్ల లివర్ పాడైనవాళ్ళు ఉన్నారు. పొట్టకు కట్టుకునే వేడి బెల్టులు చెమటను తెప్పిస్తాయి, కొవ్వును కరిగించవు.

5. నడక, బలం

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే సరైన వేగం. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండల్లో పొద్దున ఏడుకల్లా ఇంటికి వచ్చేయండి. అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడిచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, తోడు దొరుకుతుంది.

మోకాళ్ళు నొప్పిగా ఉంటే? కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, కాలు చాచి అయిదు లెక్కపెట్టేదాకా ఉంచడం, గోడకు చేతులు ఆనించి తోయడం. వారానికి రెండు రోజులు చాలు. యాభై దాటినవాళ్ళకు నడక కన్నా ఈ బలం పెంచే వ్యాయామమే ఎక్కువ అవసరం అని నా నమ్మకం, ఎందుకంటే పోయిన కండ మళ్ళీ రావడం కష్టం. మెట్లెక్కితే ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

6. మందులు, సూదులు

ఆర్లిస్టాట్ 120 మిల్లీగ్రాముల బిళ్ళ భోజనంతో మూడు పూటలా వేసుకోవాలి. తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంట్లోకి పోకుండా ఆపుతుంది. నూనె ఎక్కువ తింటే విరేచనం జిడ్డుగా, ఆపుకోలేకుండా వస్తుంది. బరువు తగ్గడం కొద్దిగానే. విటమిన్ బిళ్ళ వాడుతుంటే రాత్రి పడుకునేముందు వేసుకోవాలి.

మీరందరూ అడిగే వారపు సూదులు సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ 'వెగోవీ' పేరుతో 2025 జూన్‌లో మన దేశానికి వచ్చాయి. ఆకలిని తగ్గిస్తాయి, కడుపు నిండిన భావం ఎక్కువసేపు ఉంచుతాయి. పెద్ద పరీక్షల్లో సెమాగ్లూటైడ్ 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ అత్యధిక డోసు 72 వారాల్లో 20 శాతానికి పైగా బరువు తగ్గించాయి. మంచి మందులే. అర్హత ఉన్నవాళ్ళు భయపడి దూరంగా ఉండాల్సిన పనిలేదు. కానీ వీటిని వాడే పద్ధతి ఉంది.

చిన్న డోసుతో మొదలవ్వాలి: సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములు, టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములు, నాలుగు వారాలు. తర్వాత డాక్టరు మెల్లగా పెంచుతారు. తొందరగా తగ్గాలని ఒక మెట్టు దాటేస్తే వాంతులతో ఆసుపత్రిలో పడతారు. వికారం, మలబద్ధకం మొదట్లో మామూలే. కొద్దికొద్దిగా తినండి, కడుపు నిండగానే ఆపండి, నీళ్ళు బాగా తాగండి, వేపుళ్ళు తగ్గించండి.

వీళ్ళు వాడకూడదు: తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, గర్భిణులు. క్లోమం వాపు వచ్చినవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లూటైడ్‌ను రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక బిళ్ళలు వాడుతున్నవాళ్ళు టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు మరో పద్ధతి కూడా వాడాలి. షుగర్ ఉన్నవాళ్ళు ముందు కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి.

ఇక మన ఊరి ఎండ. ఈ సూదిమందు పెన్నులా ఉండే పరికరంలో వస్తుంది; వాడని పెన్నులు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే పారేయాలి. 30 డిగ్రీలు దాటిన చోట పెట్టకూడదు. మే నెలలో మన ఇళ్ళల్లో గదులు పొద్దుటికే ఆ గీత దాటతాయి. బెంగళూరులో కొని బస్సులో తెచ్చుకునేవాళ్ళు చల్లటి పౌచ్ తీసుకెళ్ళండి, ఐసుకు పెన్ను నేరుగా తగలకుండా బట్ట చుట్టండి. బిల్లు, బ్యాచ్ నంబరు లేనిది, వాట్సాప్‌లో అమ్మేది కొనొద్దు. పెన్నులో నాలుగు డోసులు ఉన్నాయని అక్కాచెల్లెళ్ళు పంచుకుంటున్నారు. సూది మార్చినా సరే, అలా చేయకండి, రక్తం ద్వారా వచ్చే జబ్బులు అంటుకుంటాయి.

వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది వచ్చినా తర్వాతి సూది వేసుకోకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి.

7. ఆపరేషన్

ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో కడుపులో ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు, తిరిగి పెట్టలేరు. బైపాస్‌లో కడుపును చిన్న సంచి చేసి పేగుకు కలుపుతారు. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకు, తీవ్రమైన పులితేన్పులు ఉన్నవాళ్ళకు సర్జన్లు తరచూ బైపాస్ వైపు మొగ్గుతారు. లైపోసక్షన్, అంటే కొవ్వును గొట్టంతో పీల్చి తీయడం, ఊబకాయానికి చికిత్స కాదు, అది ఆకారం కోసం.

సర్జన్‌ను ఈ నాలుగూ అడగండి: మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, కుట్టు దగ్గర లీకేజీ వస్తే ఎవరు చూస్తారు, ఆహార నిపుణులు ఉన్నారా, అయిదేళ్ళ దాకా ఫాలోఅప్ ఎలా? అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు వెళ్తారు, రెండూ 200 కిలోమీటర్లకు పైనే. ఆపరేషన్ రోజుకన్నా తర్వాతి ప్రయాణాలకే ఎక్కువ సర్దుబాటు కావాలి. జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి బిళ్ళలు, ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పవు. ఆడవాళ్ళు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోవాలి.

ఖర్చు సంగతి: మన దేశ ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులు ఉండి వేరే చికిత్సలు ఫలించకపోతే, డాక్టరు సలహా మీద చేసే ఆపరేషన్‌ను ఊబకాయం పేరుతో కాదనకూడదు. అయితే వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం ఆగాల్సిన గడువు ఉండొచ్చు, పాలసీ కాగితం చదవండి. డాక్టరు చెప్పే గీత, బీమా గీత ఒకటి కాదని గమనించండి. ప్రభుత్వ పథకం వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలోని వైద్య సేవ కౌంటర్లో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

8. పనిచేస్తోందా? ఎలా చూసుకోవాలి?

వారానికి ఒక్కసారే తూచుకోండి. రోజూ తూచుకుంటే ఉప్పు, నెలసరి, నిన్నటి భోజనం వల్ల కిలో అటూ ఇటూ అయి టెన్షన్ పెరుగుతుంది. నాలుగు వారాల సగటును ముందు నెల సగటుతో పోల్చండి. నడుము నెలకోసారి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి.

మొదటి గురి మొత్తం బరువులో 5 శాతం. 78 కిలోల మనిషికి దాదాపు 4 కిలోలు. ఇంతేనా అనిపిస్తుంది, కానీ బీపీ, షుగర్ మెరుగవడం ఇక్కడే మొదలవుతుంది. బరువు ఆగినా నడుము తగ్గుతుంటే కంగారు పడకండి. రెండూ ఆరు వారాలు కదలకపోతే ముందు నూనె డబ్బా, శెనక్కాయల గిన్నె చూడండి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందు పూర్తి డోసు మీద మూడు నెలలు గడిచినా 5 శాతం తగ్గకపోతే దాన్ని కొనసాగించాలా, మార్చాలా అని డాక్టరునే అడగండి.

బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు బరువు తగ్గేకొద్దీ లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే డోసు తగ్గించాల్సి వచ్చిందేమో చూపించుకోండి.

సూది ఆపాలనుకుంటే చెప్పకుండా ఆపొద్దు. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్ళకు ఏడాదిలో తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరీక్షల్లో తేలింది. అందుకే మొదలుపెట్టేముందే ఎన్నాళ్ళు కొనగలరో ఇంట్లో లెక్క వేసుకోండి. ఆపాక కూడా వారం వారం తూచుకోవడం మానకండి, మీ కనిష్ఠ బరువు మీద 3 కిలోలు పెరగగానే డాక్టరుకు ఫోన్ చేయండి, పది కిలోలు అయ్యేదాకా ఆగకండి.